మడమలు చూసి బండి నడపడం

పెళ్లికి పోయినా, బస్టాండుకు పోయినా నేను మనుషుల ముఖాల కంటే ముందు మడమలు చూస్తాను. ఈ అలవాటు మీద మా ఇంట్లో ఇప్పటికి నూట పదహారు పంచాయితీలు అయ్యాయి. చివరిది మా బామ్మర్ది కూతురి పెళ్లిలో. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ భోజనాల వరస చివర నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమె వెనక నుంచి వడ్డించే మనిషి సలసల కాగుతున్న సాంబారు బకెట్‌తో వస్తున్నాడు. ఆమె కుడి మడమ గోరంత పైకి లేచింది. నేను ఎగిరి ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. సాంబారు దక్కింది, పట్టుచీర దక్కింది, ఆమె వీపు దక్కింది. "ఆమె మడిమ లేసిందని నీకెట్ల తెల్సు?" అని మా ఇంటామె అడిగిన ప్రశ్నకు మాత్రం పెళ్లి భోజనం అయ్యేదాకా జవాబు దక్కలేదు. జవాబు పొడుగైంది. పాయసం తింటూ చెప్పేది కాదు.

మా కాలనీలో నాకొక కిరాణా దుకాణం ఉండేది. అగ్గిపెట్టెంత దుకాణం అని లోకం అంటుంది గాని, నా కళ్లకు అది గోల్కొండ కోట. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నల్గొండలో ఒక పాత సినిమాహాలును పెద్ద సూపర్‌మార్కెట్ చేశారు. అది తెరిచిన నెలకే నా కోటకు వచ్చేవాళ్లంతా అటు నడిచారు. ఈగలు కూడా అక్కడ ఏసీ ఉందని అటే పోయాయి. కోట కూలిన రాజులు అడవులకు పోతారు. నేను మాత్రం శత్రువు దగ్గరికే పోయి ఉద్యోగం అడిగాను. వాళ్లు నాకు ఒక చొక్కా ఇచ్చి, ఒక బండి చూపించి, ఇది తోయమన్నారు.

ఆ బండి గురించి ముందు చెప్పాలి. అడుగున మంచమంత ఇనుప పలక, నాలుగు చక్రాలు, ఒక పక్క నడుమెత్తు పిడి. గోదాములోంచి సరుకును దాని మీద పేర్చి ర్యాకుల దాకా తీసుకుపోవాలి. నాలుగు చక్రాల్లో మూడు మన మాట వింటాయి. నాలుగోది ప్రతిపక్షం. మనం కుడికి అంటే అది ఎడమకు అంటుంది, ఆగు అంటే నడుస్తానంటుంది.

బండి కంటే పెద్ద సమస్య నేల. సినిమాహాలు నేల తెర వైపుకు వాలుగా ఉంటుంది కదా. దాన్ని చదును చేసి టైల్స్ వేశానని మేస్త్రీ ఒట్టు పెట్టాడట. ఆ ఒట్టు కూడా కొంచెం వాలుగానే పెట్టినట్టున్నాడు. పైన బిస్కెట్ల దగ్గర ఒక నిమ్మకాయ జారిపడితే దాన్ని కింద కందిపప్పు దగ్గర వెతుక్కునేవాళ్లం. వచ్చే దారీ, గోదాము తలుపూ పై చివర ఉండేవి. ఒకప్పుడు బాల్కనీ వాళ్లు మెట్లెక్కిన చోట అవి. అన్నిటికంటే బరువైన బియ్యం, పప్పులు మాత్రం కింది చివర, ఒకప్పుడు తెర ఉన్న గోడకు ఆనించి పెట్టారు. అంటే అందరికంటే బరువైన బండి, అందరికంటే ఎక్కువ దూరం, జనం మధ్య నుంచి, దిగుడులో పోవాలి. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడికి సరుకు మీద ప్రేమ ఎక్కువో, నా మీద పగ ఎక్కువో ఇప్పటికీ తేలలేదు.

ఇక జనం. మా నల్గొండ జనానికి ఒక గట్టి నమ్మకం ఉంది. ర్యాకులో ఉన్నది పాత సరుకు, బండి మీద వస్తున్నది కొత్త సరుకు. రెండూ ఒకే లారీలో దిగాయని ప్రమాణం చేసినా నమ్మరు. అందుకని బండి గోదాము గడప దాటిందంటే చాలు, దాని చుట్టూ పెళ్లి బరాత్ తయారయ్యేది. నడుస్తున్న బండి మీది నుంచే పాల ప్యాకెట్లు తీసేవాళ్లు, ఖర్జూరం డబ్బాలు ఎత్తి వెనక తేదీ చదివేవాళ్లు. ఒకాయన అయితే కదులుతున్న బండి పక్కనే నడుస్తూ, అడుగున ఉన్న నూనె డబ్బాయే కావాలని, పైవి నాలుగు నా చేతిలో పెట్టాడు. బండి దాని దారిన పోతోంది, నేను నాలుగు డబ్బాలతో దాని వెనక పరుగెత్తుతున్నాను. అది నా మొదటి రోజు.

అదే రోజు నన్ను కాపాడినవాడు చాచా.

చాచాకు అప్పటికి అరవై దాటాయి. తెల్లగడ్డం, తలమీద టోపీ, కంపెనీ చొక్కా మీద భుజాన తన పాత తువ్వాలు. ముప్పై ఏళ్లు గడియారం సెంటర్ దగ్గర బత్తాయిల బండి పెట్టాడు. ఎండలో నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయని దవాఖానలో డాక్టరు నీడపట్టున పని చూసుకోమంటే ఇక్కడ చేరాడు. బత్తాయి బండిని ఆర్టీసీ బస్సుల మధ్య నుంచి, ఎడ్ల మధ్య నుంచి, ఎన్నికల ఊరేగింపుల మధ్య నుంచి నడిపిన మనిషి. ముప్పై ఏళ్లలో ఒక్కరి కాలి వేలికైనా ఆయన బండి చక్రం తగిలి ఉండదు. ఆయన బండి తోస్తున్నట్టు ఉండేది కాదు, పాడి బర్రెను ఇంటికి తోలుకొచ్చినట్టుండేది.

ఆ రోజు నేను బండి మీద సబ్బుల పెట్టెలు నా తలకంటే జానెడు ఎత్తు పేర్చాను. ఒక్క ట్రిప్పులో అయిపోవాలని నా తెలివి. చాచా వచ్చి, నన్నేమీ అనకుండా, పై పెట్టెలు ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టాడు. నా గడ్డం కిందికి వచ్చేదాకా దింపి అప్పుడు ఆగాడు. "సరుకు గడ్డం దాటొద్దు బేటా. దాటిందనుకో, నువ్వు గుడ్డోనివి, బండి నీ చేతిల కట్టె. గుడ్డోని కట్టె ముందు ఎవలకు తగుల్తది? పాపం, ఎదురొచ్చినోనికి."

తర్వాత వారం రోజులు ఆయన నాకు విద్య నేర్పాడు. వేదం చదువుకునే పిల్లవాడికి కూడా అన్ని నియమాలు ఉండవు. బండిని లాగొద్దు, తోయాలి, లాగితే చూపు వెనకకు, సరుకు నీ మడమలకు. మూల తిరిగే ముందు బండిని ఆపి మనిషి ముందుకు పోయి తొంగిచూడాలి. పసిపిల్ల కనబడితే తల్లి కూడా కనబడేదాకా కదలొద్దు. చెయ్యి తీసే పని పడితే చక్రం కింద అడ్డు చెక్క పెట్టాలి. తన బత్తాయి బండి నాటి చెక్కను ఆయన దారంతో నడుముకు కట్టుకుని తిరిగేవాడు. అరిగి అరిగి అది అద్దంలా మెరిసేది. నాకోసం ఇంట్లో విరిగిన మంచం కోడు ముక్కను చెక్కి, దారం కట్టి తెచ్చి ఇచ్చాడు. మా మామగారు పెళ్లిలో పెట్టిన గడియారం కూడా అంత శ్రద్ధగా ఇవ్వలేదు.

అన్నిటికంటే పెద్ద పాఠం మడమలది. నేను జనం ముఖాలు చూసి వాళ్లు ఎటు జరుగుతారో లెక్క వేసేవాణ్ని. బిస్కెట్ల ముందు ఒకామె ముందుకు వంగి ధర చదువుతోంది, ముందుకే పోతుందనుకుని బండి తోశాను. ఆమె వెనక్కి వచ్చింది. చాచా తన కాలు అడ్డం పెట్టకపోతే ఆమె నా బండి ఎక్కేది. చాచా నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పాడు. "మొఖం అబద్ధం చెప్తది బేటా. బిస్కిట్ దిక్కు సూస్తది, మనసుల సబ్బు ఉంటది. మడిమ అబద్ధం చెప్పదు. యెన్కకొచ్చేటోళ్ల మడిమ ముందుగాల లేస్తది. నజర్ మడిమ మీద పెట్టు."

ఆ మాట విన్న రోజు నుంచి నాకు లోకమంతా మడమలే. పగిలిన మడమలు, పసుపు రాసిన మడమలు, బాటా చెప్పుల్లోంచి బయటికి వేలాడే మడమలు, ఒక చెప్పు కుట్టించుకున్నవి, రెండో చెప్పు కుట్టించుకోవాల్సినవి. నెలలోపే ముఖం చూడకుండా ఎవరు నకిరేకల్ నుంచి పొద్దున బస్సుకు వచ్చారో, ఎవరు కలెక్టరాఫీసులో కూర్చునే పని చేస్తారో చెప్పగలిగేవాణ్ని. సగం తప్పు చెప్పేవాణ్ని. కానీ చెప్పేవాణ్ని.

మడమల తర్వాత పిలుపు. ఎదుటి మనిషిని ఏ వరసతో పిలిస్తే పక్కకు జరుగుతారో అది చాచాకు పుట్టుకతో వచ్చిన విద్య. అక్కా జర జరుగు, బాపూ జర దారియ్యి, చిన్నమ్మా కాలు పైలం. ఒక్కొక్కరికీ ఒక్కొక్క వరస, ప్రతి వరసకూ ఒక క్షేమసమాచారం. నేను ఆ విద్యలో తప్పాను. రిటైరైన హెడ్‌మాస్టరమ్మను అవ్వా అని పిలిచాను. ఆమె ఫిర్యాదుల పుస్తకంలో రెండు పేజీలు రాసి, కింద నా వ్యాకరణం కూడా దిద్దింది. అనుమానం ఉంటే అక్కా అనాలట. అక్కా అంటే ఏ వయసు వాళ్లూ కొట్టరని చాచా తర్వాత చెప్పాడు.

ఇట్లా రెండేళ్లు గడిచాయి. అప్పుడు హైదరాబాద్ నుంచి కొత్త మేనేజరు వచ్చాడు.

మనిషి చెడ్డవాడు కాడు. అది చెప్పకపోతే పాపం. ముప్పై ఏళ్లుంటాయి, మెడకు టై, చేతిలో ఫోను, కళ్లల్లో నిద్రలేమి. చాయ్ తాగడు. నల్గొండలో చాయ్ తాగని మనిషిని చూసి మేమంతా మొదట భయపడ్డాం. ఆయన మూడు రోజులు మూలన నిలబడి ఫోనులో మా బండ్ల టైము చూశాడు. గోదాము తలుపు నుంచి బియ్యం ర్యాకు దాకా నాకు ఆరు నిమిషాలు, చాచాకు పదకొండు. చాచా దారిలో ప్రతి మడమ దగ్గర ఆగుతాడు, ప్రతి అక్కనూ పలకరిస్తాడు. మేనేజరు దగ్గరున్న కాగితం ప్రకారం నాలుగు నిమిషాలు కావాలి.

ఆయన మమ్మల్ని పిలిచి మూడు మాటలు చెప్పాడు. కస్టమర్లను అక్కా, బాపూ అని పిలవకూడదు, గట్టిగా అరవకూడదు. దానికి బదులు బండికి గంట కడతారు, గంట వినబడితే జనమే జరుగుతారు. మూడోది, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి చాచా గోదాములో పెట్టెలు విడదీసే పని చేస్తాడు, షాపులోకి రానక్కర్లేదు. మోకాళ్లకు కూడా మంచిదని ఆయన నిజంగానే నమ్మాడు. "అంకుల్, అక్కడ కుర్చీ కూడా ఉంటుంది" అన్నాడు.

చాచా తల ఊపాడు. గోదాములోకి వచ్చాక ఒక బోర్లించిన పెట్టె మీద కూర్చుని, నడుముకున్న చెక్కను వేళ్లతో తిప్పుతున్నాడు. ఆ గోదాముకు కిటికీ లేదు. ఒక ట్యూబులైటు, ఎలుకల బోను, కప్పుదాకా పెట్టెలు. నేను కుర్చీ సంగతి ఎత్తి ఏదో జోకు వేయబోయాను.

"ముప్పై ఏండ్లు ఎండల నిలవడ్డ బేటా" అన్నాడు చాచా. "బత్తాయిలు సూసుకుంట నిలవడ్డననుకున్నవా? వచ్చేటోళ్లు, పొయ్యేటోళ్లు, మనుషులను సూసుకుంట నిలవడ్డ. గీ డబ్బాలను నేను అక్కా అనాల్నా?"

నా దగ్గర ప్రతిదానికీ జోకు ఉంటుంది. ఆ రోజు దాన్ని మింగి, ఆయన పక్కన ఇంకో పెట్టె బోర్లించి కూర్చున్నాను.

మర్నాడు గంట వచ్చింది. ఇత్తడిది, చిన్నది, పిడి పక్కన కట్టారు, తాడు లాగితే మోగుతుంది. మేనేజరు స్వయంగా మోగించి చూసి సంతోషించాడు. పాపం, హైదరాబాదులో అపార్టుమెంట్లో పెరిగినట్టున్నాడు. మా వైపు బండికి గంట కట్టి మోగిస్తే దానికి ఒక్కటే అర్థం. పుల్ల ఐసు వచ్చింది. మా నాయినల నాటి నుంచి ఊరూరా ఐసు బండివాడు గంట కొట్టుకుంటూనే తిరిగాడు. ఆ శబ్దానికి పక్కకు జరిగిన పిల్లవాడు నల్గొండ జిల్లా చరిత్రలో లేడు.

నేను బండితో బయటికి వచ్చి తాడు లాగాను. రెండో క్షణానికి షాపులోని పిల్లలంతా నా బండి చుట్టూ ఉన్నారు. లేని పిల్లలు కూడా ఎక్కడినుంచో పుట్టుకొచ్చారు. ఒకడు నారింజది కావాలన్నాడు, ఒకతి సేమియా ఐసు ఉందా అంది. పిల్లల వెనక వాళ్ల తల్లులు, తల్లుల వెనక అవ్వలు. నల్లకోటు వేసుకున్న ఒక వకీలు సాబు కూడా అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టి, బియ్యం బస్తాలు చూసి, ఎవరూ గమనించలేదనుకుని వెనక్కి తిరిగాడు. దారి చేయాల్సిన గంట దారంతా మూసేసింది. మేనేజరుకు చెబితే నాలుగు రోజుల్లో అలవాటవుతుందన్నాడు. నాలుగు రోజుల్లో ఊరికి తెలిసిపోయి పిల్లలు రెట్టింపయ్యారు.

బతుకమ్మ ముందరి ఆదివారం. చాచాకు షాపులో మిగిలినవి ఇంకా మూడు రోజులు. ఆ రోజు నల్గొండ మొత్తం, నకిరేకల్‌లో సగం, మిర్యాలగూడలో పావు వంతు మా షాపులోనే ఉంది. మిగిలినవాళ్లు బయట పార్కింగు కోసం తిరుగుతున్నారు. బియ్యం ర్యాకు ఖాళీ అయిందని కబురు వచ్చింది. నాలుగు నిమిషాలు అని కూడా కబురులో ఉంది. ఆ తొందరలో గోదాము తలుపు మూసుకోకుండా ఉండాలని నా మంచం కోడు చెక్కను దాని కింద పెట్టాను. పది బస్తాలు రెండు వరసల్లో పరిచి, మోకాలి కంటే కొంచెం ఎత్తు వచ్చేటట్టు పేర్చి బయల్దేరాను. చెక్క తలుపు దగ్గరే ఉండిపోయింది.

సబ్బుల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు చుట్టేశారు. బండి ఆపాను. ఒక పిల్ల గంట తాడు పట్టుకుని వదలడం లేదు. నేను రెండు చేతులూ పిడి మీది నుంచి తీసి, ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ, ఇది ఐసు బండి కాదమ్మా, ఇందులో బియ్యం తప్ప ఏమీ లేదని నచ్చచెబుతున్నాను. సరిగ్గా అప్పుడే బండి ముందు వైపున ఒక అవ్వ వచ్చి బస్తాల మీద కూర్చుంది. మంచమంత పలక, మెత్తగా బియ్యం బస్తాలు, ఎత్తు కూడా అరుగంత. సంచి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు పలక మీదికి తీసుకుని, సుఖంగా కూర్చుంది. నేను చూడలేదు. పిల్ల చెయ్యి వదిలింది. చెక్క కోసం నడుము తడుముకున్నాను. నడుము తప్ప ఏమీ తగల్లేదు. తల తిప్పేసరికి బండి లేదు.

అది దిగుడులో పోతోంది. మొదట నెమ్మదిగా, సంతలో బేరం చూసుకుంటూ పోయే మనిషిలాగా. తర్వాత బస్సు మిస్సయ్యే మనిషిలాగా. గంట తనంతట తానే మోగుతోంది. గంట మోగుతున్నందుకు పిల్లలంతా దాని వెనక పరుగెత్తుతున్నారు. పైన అవ్వ, సంచి పట్టుకుని, అటూ ఇటూ ర్యాకులు చూసుకుంటూ, యాదగిరిగుట్ట రథం మీద ఊరేగినట్టు పోతోంది. ఆమె ముఖంలో భయమన్నది లేదు. బండి పోతున్న దారి చివర, పప్పుల ముందు, మేనేజరు మాకు వీపు పెట్టి నిలబడి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఒక చెవిలో ఫోను, రెండో చెవిలో వేలు.

నేను అరవాలనుకున్నాను. ఎవరిని ఏ వరసతో పిలవాలో వెతుక్కుంటున్నాను.

అప్పుడు నూనె ర్యాకుల దగ్గర నుంచి ఒక కేక లేచింది. "బండొస్తాంది, గోడకు జరగుండ్రి." చాచా గొంతు. వారం రోజులుగా మూసిపెట్టిన గొంతు. ముప్పై ఏళ్లు గడియారం సెంటర్‌లో ఎర్రబస్సుల హారన్ల మీది నుంచి వినబడిన గొంతు అది. ఆ ఊరి కాళ్లకు అది కంఠస్థం. ఎవరూ తిరిగి చూడలేదు, ఎందుకని అడగలేదు. ముసలీ ముతకా, ఆడా మగా, చంకల్లో పిల్లలతో సహా రెండు పక్కలా ర్యాకులకు అతుక్కుపోయారు. ఒకాయన అతుక్కుపోతూనే బత్తాయిలు ఎట్లా కిలో అని అడిగాడని నేను చెబితే ఎవరూ నమ్మరు. అడిగాడు.

చాచా పరుగెత్తలేదు. ఆ మోకాళ్లతో పరుగెత్తలేడు. రెండడుగులు ముందుకు వేసి, కింద పేర్చి ఉన్న ఉప్పు ప్యాకెట్ల కట్టను కాలితో ముందు చక్రం దారిలోకి తోశాడు. చక్రం దాని మీదికి ఎక్కింది, ఉప్పు ప్యాకెట్లు పటపట పగిలాయి, బండి ఒకసారి ముక్కి, ఆగింది.

బండి అంచుకూ మేనేజరు మడమలకూ మధ్య జానెడు దూరం. నేను మామూలుగా జానెడును బారెడు చేసే మనిషిని. ఇక్కడ మాత్రం ఏమీ కలపడం లేదు. జానెడు.

గంట మోత ఆగాక మేనేజరు వెనక్కి తిరిగాడు. ఆయనకు కనబడింది ఇది: జనమంతా గోడలకు అతుక్కుని ఉన్నారు. నేలంతా ఉప్పు. సరుకు బండి మీద ఒక ముసలామె. పక్కన రొప్పుతూ చాచా. ఫోనులో అవతలి మనిషి హలో హలో అంటున్నాడు. మేనేజరు ముఖం మొదట తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. అరవొద్దని చెప్పాను కదా, కస్టమరును బండి మీద ఎక్కించుకుంటారా అని అడిగాడు. మూడు రోజుల దాకా ఎందుకు, రేపటి నుంచే మీరు గోదాములో ఉండండి అంకుల్ అన్నాడు.

చాచా నా పేరు చెప్పలేదు. అసలు నా వైపు చూడలేదు. అవ్వ దిగడానికి చెయ్యి అందిస్తూ, ఆమె పాదాలు ఉప్పు మీద జారకుండా తువ్వాలు పరుస్తున్నాడు.

నేను ఎక్కడున్నాను అంటే సబ్బుల వెనక ఉన్నాను. నిజం చెప్పడానికి అక్కడి నుంచి కింది చివరి దాకా ఇరవై అడుగులు. నేను వేసిన అడుగులన్నిట్లో అవే పొడుగైనవి. మధ్యలో ఒకసారి వెనక్కి పోదామనుకున్నాను కూడా. నా మడమ లేచిందని నాకే తెలిసింది. చాచా చూపు ఎప్పుడూ మడమల మీదనే ఉంటుందని గుర్తొచ్చి దించాను.

"చెయ్యి వదిలింది నేను సార్" అన్నాను. "చెక్క పెట్టంది నేను. చాచా తప్పు ఒక్కటి లేదు. ఆయన అరవకపోతే, బండి ఆపకపోతే మీరు గిప్పుడు నడిచి దవాఖానకు పోయేటోళ్లు కూడ కాదు."

మేనేజరు నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది. ఆమెకు ఎవరి ఉద్యోగాల సంగతీ పట్టలేదు. "నన్నెందుకు దింపుతున్నవ్ కొడుకా? నేను పెసరపప్పు కాడికి పోవాలె. జర ముందుకు పోనియ్యి." కస్టమర్లు బండి మీద కూర్చోకూడదమ్మా అని మేనేజరు మెల్లగా చెప్పబోయాడు. అవ్వ ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఈ హాల్లో తాను పెండ్లయిన కొత్తల నుంచి టిక్కెట్టు కొని సినిమాలు చూసిందట. ఏనాడూ నిలబడి చూడలేదట. అప్పుడు కూర్చోనిచ్చినవాళ్లు, ఇప్పుడు సరుకు కొనడానికి వస్తే నిలబడమంటారా అని అడిగింది. కుర్చీలన్నీ పీకేసినందుకే మీరు బండి తెచ్చారనుకున్నానంది. అన్నాళ్లూ ఆ హాలుకు వచ్చిన వాళ్లందరి తరఫునా అడిగినట్టుంది.

మేనేజరు బండి వైపు చూశాడు. ఉప్పు కట్ట వైపు చూశాడు. తర్వాత తల వంచి తన బూట్ల మడమలు చూసుకున్నాడు. ఫోను జేబులో పెట్టి, చాచాను ఒక్కటే అడిగాడు, తనను విడిగా పక్కకు జరగమని పిలవకుండా ఉప్పు ఎందుకు వేశారని.

"మీ మడిమలు నేలకు అతికినయ్ సార్" అన్నాడు చాచా. "పిలిచినా మీరు జరగరని తెల్సింది. గందుకే బండిని ఆపిన."

మేనేజరు వంగి గంట తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాలేదు. చాచా తన వేళ్లతో విప్పి ఇచ్చాడు. ఆ గంటను తర్వాత మేనేజరు తన గదిలో కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. పొరపాటున అది కదిలితే చాలు, ఎవరో ఒక పిల్ల గది తలుపు దగ్గర నిలబడేది.

ఒకటో తారీకున గోదాములోకి ఎవరు పోవాలనేది కూడా ఆయనే తేల్చాడు. చాచా షాపులోనే ఉంటాడు, పదకొండు నిమిషాలైనా సరే. దీపావళి దాకా కిటికీ లేని గదిలో ఉండాల్సింది నేను. న్యాయంగా ఉందని నాకే అనిపించింది. అనిపించిన మొదటి గంట దాటాక అనిపించడం మానేసింది. నాలాంటి మనిషిని వినేవాళ్లు లేని చోట పెట్టడం చేపను చెట్టెక్కించడం. మొదటి రోజు ఎలుకకు నా కిరాణా దుకాణం కథ చెప్పాను. రెండో రోజు అది రాలేదు. మూడో రోజు, ఎవరూ లేరు కదా అని, ఒక సబ్బుల పెట్టెను అక్కా జర జరుగు అన్నాను. డబ్బాలను అక్కా అనాల్నా అని చాచా ఆ రోజు ఎందుకు అడిగాడో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

చాచా ఖాళీ బండి తెచ్చినప్పుడల్లా సరుకు పేర్చేలోపు బయటి లోకం అంతా మోసుకొచ్చేవాడు. హెడ్‌మాస్టరమ్మ వచ్చింది, తానే నవ్వుతూ అవ్వా అనేటాయన ఏడి అని అడిగింది. వకీలు సాబు బిస్కెట్లు కొన్నాడు. మొన్నటి అవ్వ వచ్చి బండి ఏ టైముకు బయల్దేరుతుందని అడిగింది. ఆమె కోసం మేనేజరు పప్పుల దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ఇవన్నీ చెబుతూనే నేను పేర్చిన పెట్టెలు తన గడ్డానికి కొలిచి చూసేవాడు. ఆయన నాకంటే ఆరంగుళాలు పొట్టి. రోజూ పై వరస దింపించేవాడు.

ఆ మేనేజరు తర్వాత మహబూబ్‌నగర్‌కు బదిలీ అయ్యాడు. అక్కడ చేరిన వారానికి ఫోను చేసి, క్షేమం అడిగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. అడ్డు చెక్క ఎంత పొడుగుండాలో చాచాను అడిగి చెప్పమన్నాడు. అప్పటికి ఆయన చాయ్ కూడా తాగుతున్నాడు.

చాచా ఇప్పుడు పని మానేశాడు. మోకాళ్లు ఇక వద్దన్నాయి. కానీ వారానికోసారి మనవరాలి చెయ్యి పట్టుకుని షాపుకు వస్తాడు. కొనేది ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఉండేది రెండు గంటలు. నేను బండితో వస్తున్నానని చక్రం చప్పుడును బట్టే తెలుస్తుంది ఆయనకు. బిస్కెట్ల ర్యాకు ముందు, నాకు వీపు పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. ముందుకు వంగి ధర చదువుతున్నట్టు నటిస్తాడు. కుడి మడమ గోరంత లేపుతాడు.

నేను ఆగుతాను. ఆయన వెనక్కి రాడు. మడమ అట్లాగే గాలిలో ఉంటుంది, నేను అట్లాగే ఆగి ఉంటాను, నా వెనక దారి మూసుకుపోయి జనం పోగవుతారు, ఎవరో ఏమైందంటారు. చాలాసేపటికి చాచా మడమ దించి, ఇటు తిరుగుతాడు. నా ముఖం చూడడు. ముందు పెట్టెల ఎత్తు చూస్తాడు, తర్వాత వంగి, మోకాలు నొప్పికి ముఖం చిట్లించి, చక్రం కింద చూస్తాడు. మంచం కోడు ముక్క అక్కడ ఉంటేనే నన్ను పలకరిస్తాడు.